చీటీల డబ్బా

విజయనగరం పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రే గది దాటాక నీలం తలుపు.
సోమవారం, గురువారం తొమ్మిదింటికి
తాళం తీసేది నేనే.
చీపురు, ఫినాయిలు, పరీక్ష సీసాలు,
వీటితో పాటు ఇంకో పని,
జీతంలో లెక్కలేనిది:
పాత ఓపీ రిజిస్టర్ల ఖాళీ పేజీలు చింపి
చీటీలు కత్తిరించడం.

సగం చీటీల మీద 'శభాష్' అని రాస్తాను.
అంతే, వట్టి మాట.
కొన్నిటి మీద సబ్బు, కొబ్బరినూనె.
మరి కొన్నిటి మీద స్టీలు క్యారేజీ.
ఒకే ఒక్కదాని మీద కుక్కరు.
మడిచి బిస్కెట్ల డబ్బాలో వేస్తాను.
పరీక్ష శుభ్రంగా వస్తే ఒక చీటీ తియ్యొచ్చు,
వరసగా రెండోసారీ వస్తే రెండు,
మూడోసారికి మూడు.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది.
"మానినందుకు బహుమానవేటమ్మా?
మా తమ్ముడికి మా అయ్య ఇచ్చింది బెల్టు" అన్నాను.
డాక్టరు కరుణమ్మ నవ్వలేదు.
"ఇప్పుడెక్కడున్నాడు, మీ తమ్ముడు?" అంది.
బకెట్టు తీసుకుని
తుడిచిన వరండానే మళ్ళీ తుడిచాను.

దాలినాయుడిది టెక్కలి అవతల.
తెలిసిన ముఖాలు తగలకూడదని
రెండు బస్సులు మారి ఇక్కడికొస్తాడు.
పలాస నుంచి జీడిపప్పు లారీ తోలేవాడు.
దాబా దగ్గర ఎవడో తెల్లపొడి ఇచ్చాడట,
"మూడు రాత్రులు నిద్దర్నేదు, ఆకల్నేదు,
రోడ్డంతా నా పేరనే రాసిచ్చీసినట్టు."
తర్వాత అద్దంలో లైట్లు వెంటపడ్డాయి.
నరసన్నపేట దగ్గర లారీ వదిలేసి
గోగు చేలో తెల్లారేదాకా నక్కాడు.
వెంటపడినవాడెవడూ లేడు.

కరుణమ్మ అతనికి చెప్తుంటే విన్నాను:
"బుర్ర సంతోషాన్ని రోజుకింతని కొలిచి ఇస్తుంది నాయుడూ.
ఈ పొడి వచ్చే పంటల మీద అప్పు తెచ్చి
ఒక్క రాత్రిలో ఊరందరికీ భోజనం పెట్టేస్తుంది.
మర్నాడు గాదె ఊడ్చినా గింజ దొరకదు.
నిండటానికి నెలలు పడుతుంది.
దీనికి విరుగుడు మాత్రంటూ నా దగ్గర లేదు.
మాట్లాడదాం. రా. చీటీ తియ్యి."

ఊరికే నిద్రపోయాడు పది రోజులు.
ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్నంది
అతని భార్య ఎర్నమ్మ.
లేచాక నెత్తళ్ళ పులుసు వండి పెడితే
గోనెసంచి నమిలినట్టుందన్నాడట.
ఆమె కంచం తీసి కడిగేసింది,
మర్నాడు మళ్ళీ వండింది.

అతనికి చదువు రాదు. చీటీ నాకిస్తాడు.
"శభాష్" అన్నాను మొదటిసారి.
"మళ్ళీ సదువు."
చదివాను.
సబ్బు వచ్చిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి
"ఆ మాట నేదేటి ఇందల?" అన్నాడు.

ఆరు వారాలు.
తర్వాత ఒక సోమవారం రాలేదు, గురువారం రాలేదు.
వచ్చిన రోజు వాన.
పరీక్ష ఏం చెప్పిందో అతని కళ్ళు ముందే చెప్పాయి.
గుమ్మం పక్కన చీపురు పట్టుకుని
నేను బెల్టు చప్పుడు కోసం చెవులు రిక్కించాను.
"వచ్చావు, అది చాలు" అంది కరుణమ్మ.
"ఇవాళ చీటీ లేదు. సోమవారం మళ్ళీ ఒకటితో మొదలు."
అంతే. కలం మూత పెట్టింది.

అతను బస్సుకి పోలేదు.
నా పక్కన కింద కూర్చుని
"కత్తెర ఇంకోటుందేటి?" అన్నాడు.
చేతులు వణుకుతున్నాయి.
తాడు పట్టకుండా వేసిన గట్లలా
వంకరటింకరగా తెగాయి చీటీలు.
"రాత నీది, కోత నాది."
సాయంత్రం దాకా మేం ఇంకేం మాట్లాడుకోలేదు.

డబ్బాలో చెయ్యి పెడితే అతను కోసినవి
ఇప్పటికీ నా వేళ్ళకి తెలుస్తాయి.
పోయిన గురువారం రాజాం అమ్మాయి,
కాలేజీ సంచీ భుజాన, గోళ్ళు కొరుక్కుని,
మొదటి చీటీ తీసింది. వంకరది.
పెదాలతోనే చదువుకుంది.
"గట్టిగా చదువమ్మా" అన్నాను,
"బయట బెంచీ మీద
ఒకాయన వింటున్నాడు."